సంచుల దగ్గర మనిషి

ఏ ఊరు వెళ్ళినా, ఏ సంబరానికి బయల్దేరినా మనవాళ్ళలో ఒక మనిషి సంచుల దగ్గర కూర్చోవాలి. ఎవరూ రాయకపోయినా అందరూ పాటించే చట్టం ఇది. మిగతావాళ్ళంతా గోదాట్లో మునకలేస్తుంటేనో, లాంచీ ముందువైపు నిలబడి ఫోటోలు దిగుతుంటేనో, ఆ ఒక్క మనిషీ నాలుగు సంచులూ, పది జతల చెప్పులూ, ఎవరిదో తడి తువ్వాలూ చుట్టూ పేర్చుకుని కాపలా కాయాలి. సామర్లకోట బట్టల కొట్టు జోగేశ్వరరావు గారింట్లో ఆ ఉద్యోగం ఆయన భార్య అమ్మణ్ణిది. కాపరానికొచ్చిన ఏడాదే ఖాయమైపోయింది. ఎందుకని అడిగితే ఎవరైనా ఒక్క మాటే చెప్తారు.

"పాపం, ఆవిడకి చూపు ఆనదు కదండీ."

చూపు ఆనని మనిషిని కాపలా పెట్టడంలో న్యాయం ఏంటో మాత్రం ఎవరూ చెప్పరు. దొంగ తీరిగ్గా పక్కన కూర్చుని, కారియరు విప్పి, పులిహోర తిని, ఆవిడ కొంగుకే మూతి తుడుచుకుని వెళ్ళినా అడిగే దిక్కు లేదు. అయినా ఇన్నేళ్ళలో ఒక్క చెంచా పోలేదంటే అది దొంగల మంచితనం అనుకోవాలి.

అమ్మణ్ణి చూపు కాస్త చిత్రమైనది. చిన్నప్పుడు రేచీకటి అన్నారు. పొద్దుగూకితే గోడ పట్టుకుని నడిచేది. పెళ్ళయ్యాక పగటిపూట కూడా పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. నలభై దాటేసరికి వెదురు గొట్టంలోంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంత మిగిలింది. ఆ గొట్టంలో పడ్డది మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. కాళ్ళ దగ్గర బకెట్టు తన్నుకుని పడుతుంది గానీ, వీధి చివర కరెంటు తీగ మీద కాకి ఎటు తిరిగి కూర్చుందో చెప్పగలదు. కొత్తవాళ్ళు ఇది చూసి, ఈవిడ వేషాలేస్తోందేమో అని చాటుగా గుసగుసలాడేవారు. చాటుగా అన్నది వాళ్ళ భ్రమ. అమ్మణ్ణి చెవులకి ఏ జబ్బూ లేదు.

రెండువేల సంవత్సరం చలికాలంలో కాకినాడ కళ్ళ డాక్టరు గారు పరీక్ష చేసి, "ఆ మిగిలిన కాస్తా ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేనమ్మా. చూడాలనుకున్నవేవైనా ఉంటే చూసేసుకోండి," అన్నాడు. జోగేశ్వరరావు గారు దారి పొడవునా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. అమ్మణ్ణికి మాత్రం ఏడుపు రాలేదు. వర్తకుల ఇంటి కోడలు, సరుకు నిలవ పెడితే చివికిపోతుందని తెలిసిన మనిషి. ఉన్నదేదో ఉన్నప్పుడే వాడేసుకోవాలనుకుంది. చూడాలనుకున్నది ఏదైనా ఉందా అని వెతుక్కుంటే ఒకటే కనిపించింది. జెయింట్ వీలు. దాన్ని కింద నుంచి కాదు, దాని మీద నుంచి కిందికి చూడాలి.

ఈ కోరిక ఈనాటిది కాదు. డెబ్బై తొమ్మిది పుష్కరాలకి అమ్మణ్ణి కొత్త కోడలిగా రాజమండ్రి వెళ్ళింది. పుష్కరాలతో పాటు ఎగ్జిబిషనూ పెట్టారు. "పిల్లకి చూపు ఆనదు, జనంలో తప్పిపోతుంది, సంచుల దగ్గర కూర్చోబెట్టరా," అంది అత్తగారు. కొత్త మొగుడు జాలిపడి, "నీ బదులు కూడా నేనే చూసొచ్చి చెప్తాను," అని జెయింట్ వీలు ఎక్కడానికి వెళ్ళాడు. వచ్చి చెప్పాడు. ఏం చెప్పాడనుకున్నారు! పైకి వెళ్ళేసరికి పాత రైలు బ్రిడ్జీ, కొత్త రోడ్డు బ్రిడ్జీ, రెండూ కనిపించాయట. ఒకదాని మీద రైలు పాకుతోందట. రేవులో జనం ఆవాలు ఒలకబోసినట్టున్నారట. గోదారి అంత గోదారీ ఆరేసిన పంచెలా ఉందట. బట్టల కొట్టువాడు కదా, పోలిక అలాగే వస్తుంది. అమ్మణ్ణి నోరు తెరుచుకుని వింది. ఆయన చెప్తున్నంతసేపూ మిరపకాయ బజ్జీల వాసన గుప్పుమంటూనే ఉంది. పైన బజ్జీలు కూడా అమ్ముతారు కాబోలు అనుకుంది ఆ పిచ్చిపిల్ల.

ఆ తరవాత కరెంటు పోయిన ప్రతి సాయంత్రం, "ఏవండీ, ఆ రెండు బ్రిడ్జీలూ మళ్ళీ చెప్పరూ," అని అడిగేది. ఆయన చెప్పేవాడు. చెప్పినకొద్దీ గోదాట్లో పడవలు పెరిగాయి, రైలుకి పెట్టెలు పెరిగాయి.

అది మొదలు జోగేశ్వరరావు గారు మళ్ళీ ఏదీ ఎక్కలేదు. ఏ తీర్థానికెళ్ళినా, ఏ ఎగ్జిబిషనుకెళ్ళినా భార్య పక్కన చాప మీద కూర్చునేవాడు. "ఆవిడ ఎక్కలేని సుఖం నాకెందుకండీ," అనేవాడు. ఆ మాటతో ఆయన పేరు సామర్లకోట దాటి పిఠాపురం దాకా పాకింది. అక్కడ పెళ్ళిళ్ళలో అప్పగింతలప్పుడు కొత్త అల్లుళ్ళకి ఆయన్ని వేలు పెట్టి చూపించేవారు.

ఇలా ఉండగా, రెండువేల ఒకటిలో, రాజమండ్రి ఇంకా రాకముందే హైవే పక్కన కొత్తగా ఒక థీమ్ పార్కు వెలిసింది. బట్టల వర్తకులంతా కలిసి పెళ్ళాం పిల్లలతో రెండు బస్సులు మాట్లాడుకుని బయల్దేరారు. జోగేశ్వరరావు గారింటి నుంచి నలుగురు: ఆయన, అమ్మణ్ణి, డిగ్రీ చదువుతున్న కూతురు సాయిప్రసన్న, ఆయన అక్కగారు సుబ్బాయమ్మ. అక్కగారు ఉంటే తిండికి లోటుండదు, మిగతా వాళ్ళకి మాట్లాడే అవసరమూ ఉండదు.

గేటు దగ్గరే పేచీ వచ్చింది. బయటి తిండి లోపలికి తేకూడదని కాపలావాడు సంచులు ఆపాడు. అన్నీ జోగేశ్వరరావు గారి కొట్టు సంచులే, పసుపు గుడ్డ మీద ఎర్రక్షరాలు.

"ఇది తిండి కాదు నాయనా, భీమేశ్వరస్వామి ప్రసాదం," అంది సుబ్బాయమ్మ, రెప్ప వేయకుండా.

వాడు పులిహోర డబ్బా చూసి కళ్ళకద్దుకున్నాడు. దద్ధ్యోజనానికి కూడా దణ్ణం పెట్టాడు. మూడో డబ్బా మూత తీసేసరికి ముక్కు ఎగబీల్చి, "ఆవకాయ కూడా ప్రసాదమేనాండి?" అన్నాడు.

"మా స్వామికి కారం ఇష్టం. దోసిలి పట్టు."

వాడు దోసిలి పట్టాడు. రెండు బస్సుల ప్రసాదమూ లోపలికి వెళ్ళిపోయింది.

లోపల రేకుల షెడ్డు కింద చాపలు పరిచారు. ఎండలోంచి నీడలోకి వచ్చేసరికి అమ్మణ్ణికి అంతా నల్లబడింది. భర్త మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళుగా ఆ మోచెయ్యే ఆవిడకి దారి. మెట్టొస్తే అది కొంచెం పైకి లేస్తుంది, గుంట వస్తే ఆగుతుంది, అప్పులవాడు ఎదురైతే బిగుసుకుంటుంది. మాటతో పనిలేదు.

"అమ్మణ్ణి సంచుల దగ్గరుంటుంది," అని సుబ్బాయమ్మ మామూలుగా ప్రకటించింది. పదిమంది మామూలుగా చెప్పులు విడిచారు. జోగేశ్వరరావు గారు మామూలుగా పక్కన చతికిలబడి, "మీరు వెళ్ళిరండి. నేనీవిణ్ణి వదిలి రాలేను," అన్నాడు.

"అన్నగారి లాంటి మనిషి కోటికొకడు," అంది ఎవరో ఆవిడ, వాళ్ళాయన వినేలా.

అమ్మణ్ణి గొట్టం ఎత్తి చూసింది. షెడ్డు అంచు అవతల, ఎండలో, ఒక ఎర్ర పెట్టె పైకి పోయింది. దాని వెనక నీలం పెట్టె. దాని వెనక పచ్చది. ఒక్కొక్కటే వచ్చి, ఆవిడ చూపులో కాసేపు ఊగి, ఆకాశంలోకి వెళ్ళిపోతోంది. మొత్తం చక్రం ఆవిడకి ఎప్పటికీ కనపడదు. ఆ ముక్కలు చాలు.

"నేను ఎక్కుతాను," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఏదో బస్సు గురించి అనుకున్నారు.

"జెయింట్ వీలండీ. నేనెక్కుతాను. సంచులు ఇంకెవరైనా చూసుకోండి."

సంచులు ఇంకెవరైనా చూసుకోవడం అనే మాట ఆ కుటుంబంలో ఎప్పుడూ పుట్టలేదు. సుబ్బాయమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "కళ్ళు లేవు, పైగా కళ్ళు తిరుగుతాయి కూడా! అవసరమా అమ్మణ్ణీ?" అంది.

"కళ్ళు తిరగడానికి చూపెందుకు వదినగారూ? ఉన్నవి తిరిగితే చాలు."

సాయిప్రసన్న పకపకా నవ్వి తల్లి చెయ్యి పట్టుకుని లాగేసింది. జోగేశ్వరరావు గారు, "ముందు చిన్నవాటితో మొదలెట్టండే!" అని అరిచాడు. పెద్దదాని దాకా రాకుండా అక్కడే సరిపెట్టుకుంటుందని ఆయన ఆశ.

చిన్నదంటే టీ కప్పులు. మనిషిని కప్పులో కూర్చోబెట్టి, ఆ కప్పుని సాసర్లో పెట్టి, సాసర్ని పళ్ళెంలో పెట్టి, మూడింటినీ మూడు వైపులా తిప్పుతారు. "మెట్టమ్మా. ఇంకో మెట్టు. ఇదిగో తలుపు, తల వంచు," అంటూ కూతురు ఎక్కించింది. తిప్పారు. అమ్మణ్ణి గొట్టంలోకి ఒక ఐస్‌క్రీం బండి వచ్చి పోయింది, ఒక మీసం వచ్చి పోయింది, మళ్ళీ ఐస్‌క్రీం, మళ్ళీ మీసం, తరవాత ఐస్‌క్రీముకి మీసం. కడుపులోంచి ఒక నవ్వు పుట్టి గొంతు దాకా వచ్చి ఆగలేదు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో నవ్విన నవ్వు అది. ఇక్కడ అందరి పనీ అంతే! ఎటు పోతున్నామో ఒక్కరికీ తెలీదు, అందరూ ఏదో ఒకటి పట్టుకుని కేకలు పెడుతున్నారు. ఆవిడకి ఇది రోజూ ఉండేదే. కేకలు పెట్టొచ్చని మాత్రం ఇప్పుడే తెలిసింది.

దిగేసరికి జుట్టు ముడి ఊడిపోయింది. "ఇంకోటి," అంది.

ఇంకోటి కొలంబస్ పడవ. అటొకసారి, ఇటొకసారి ఆకాశానికి ఎగరేసి వదిలేస్తుంది. ఎదురు వరసలో ఒక పెద్దాయన నోరు సరిగ్గా ఆవిడ గొట్టానికి ఎదురుగా ఉంది. పడవ పైకి వెళ్ళినప్పుడు ఆ నోటి నిండా పళ్ళున్నాయి. తిరిగి వచ్చేసరికి ఒక్కటీ లేదు. అమ్మణ్ణి కూతురి భుజం మీద పడి నవ్వింది. "పళ్ళే! ఆయన పళ్ళు!" అంటుంది తప్ప ఇంకో మాట రాదు. ఆగిన తరవాత పదిమందీ కలిసి పడవ కింద వెతికితే పళ్ళసెట్టు దొరికింది. దాన్ని మొదట కనిపెట్టింది అమ్మణ్ణే. బెంచీ కాలి పక్కన మెరిసింది.

తల్లికేం కాలేదు గానీ, కూతురికి భీమేశ్వరస్వామి ప్రసాదమంతా పైకి తన్నుకొచ్చింది. సాయిప్రసన్న షెడ్డు దగ్గర చెట్టు పక్కన వంగి, చేత్తోనే సైగ చేసింది: ఇక నా వల్ల కాదు. సుబ్బాయమ్మ ఆవకాయ డబ్బా పక్కన పెట్టి, పిల్ల మొహం మీద నీళ్ళు చల్లింది.

"అయితే ఇంక చాల్లే అమ్మణ్ణీ," అన్నాడు జోగేశ్వరరావు గారు సంతోషంగా. "పిల్లకి బాలేదు."

"పిల్లని వదినగారు చూసుకుంటున్నారు కదండీ. నేనొక్కదాన్నే వెళ్తాను."

అక్కడ ఇంకో చిక్కు. పెట్టెలో ఒక్కరినే ఎక్కించరట, బరువు ఒకవైపు తూగుతుందట. పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ మాట వినడంతోనే వర్తకుల ఆడవాళ్ళంతా ఒక్కసారిగా జోగేశ్వరరావు గారి వైపు తిరిగారు.

"వెళ్ళండి అన్నగారూ! పాపం ఇన్నేళ్ళకి ఆవిడ నోరు తెరిచి అడిగింది."

"మీకైతే అలవాటే కదండీ, పుష్కరాల్లో ఎక్కారు కదా. ఆ రెండు బ్రిడ్జీల సంగతి మా అందరికీ నోటికొచ్చు!"

మంచిపేరు మనిషిని ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి. జోగేశ్వరరావు గారు లేచాడు. పంచె సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. చెప్పులు వేసుకుని, విప్పి, వేరేవాళ్ళవని గమనించి మార్చుకున్నాడు. అమ్మణ్ణి మోచెయ్యి అందుకుంది.

జెయింట్ వీలు దగ్గరపడేకొద్దీ ఇనుప చక్రం కిర్రుమనే చప్పుడు పెద్దదైంది. దానితోపాటు ఆ మోచెయ్యి మారింది. మెట్టు లేకుండానే పైకి లేచింది. గుంట లేకుండానే ఆగింది. అప్పులవాళ్ళు ఊరంతా ఒక్కసారి ఎదురైనట్టు బిగుసుకుపోయి, సన్నగా వణకడం మొదలెట్టింది. అమ్మణ్ణి ఏదో తేడా ఉందని మాత్రం అనుకుంది.

చక్రం తిప్పే మనిషి పేరు వెంకటరాజు. జోగేశ్వరరావు గారు భార్యని క్యూలో నిలబెట్టి, నాలుగడుగులు ముందుకెళ్ళి, అతని చెవిలో నోరు పెట్టాడు. "చూడు నాయనా, మా ఆవిడకి చూపు ఆనదు. ప్రమాదం కదూ? మీ రూల్సు ఒప్పుకోవేమో కదూ?"

ఆ గొంతులో ఎంత ఆశ ఉందో అమ్మణ్ణి నిలబడ్డ చోటికి స్పష్టంగా వినిపించింది. ఇంత దాకా వచ్చి, మొగుడి నోటి మీదుగానే వెనక్కి పోవాలా అనుకుంది.

వెంకటరాజుకి రహస్యం మాట్లాడటం చేతకాదు. రోజంతా ఇంజను పక్కన నిలబడే మనిషి. "చూపుతో పనేముందండి బాబుగారూ!" అని పార్కంతా వినపడేలా అన్నాడు. "తిప్పేది నేను కదండి! పైకెళ్ళాక సగం మంది కళ్ళు మూసుకునే కూర్చుంటారండి. టిక్కెట్టు కొనుక్కుని మరీ మూసుకుంటారండి! గుండెజబ్బూ, బీపీ ఉన్నోళ్ళే ఎక్కకూడదండి. మీకేమన్నా ఉన్నాయాండి?"

"ఆఁ, బీపీ కొంచెం..."

"మావాడికి బీపీ ఏంటి నాయనా!" షెడ్డులోంచి సుబ్బాయమ్మ గొంతు వచ్చింది. "మొన్ననే చూపించాం. గుండ్రాయిలా ఉన్నాడు, ఎక్కించు!"

ఎక్కించాడు. వాళ్ళకి ఎర్ర పెట్టె వచ్చింది. ఇనుప కడ్డీ ఒళ్ళోకి దిగి టక్కున పడింది. కింద నేల మెల్లిగా జారిపోయింది.

మొదటి ఊపుకే జోగేశ్వరరావు గారు కళ్ళు గట్టిగా మూసుకుని, భార్య జబ్బ రెండు చేతులతో వాటేసుకున్నాడు. "అమ్మా వాసవాంబా, కన్యకాపరమేశ్వరీ, తల్లీ," అని మొదలెట్టాడు. పెట్టె ఇంకాస్త పైకెళ్ళి ఊగింది. "ఆపరా! ఆపరా నాయనా! కొట్టు కుదువ పెట్టి ఇచ్చేస్తాను, దించరా!"

"ఏవండీ," అంది అమ్మణ్ణి ఆశ్చర్యంగా. "ఇదివరకు ఎక్కారు కదా?"

"ఎక్కలేదే!" అని అరిచాడాయన. ఇన్నేళ్ళ నుంచి లోపల నొక్కిపెట్టిన మాట, ఆ ఎత్తుకి దానంతటదే ఊడిపడింది. "ఎప్పుడూ ఎక్కలేదు! పుష్కరాల్లోనూ ఎక్కలేదు! దగ్గరికెళ్ళి తలెత్తి చూసేసరికి మోకాళ్ళు ఆగలేదు. నాకు మేడ మెట్లెక్కినా భయమేనే అమ్మణ్ణీ!"

"మరి ఆ రెండు బ్రిడ్జీలో?"

"దిగినవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. పక్కన బండి ఉంటే అక్కడ నిలబడి..."

"బజ్జీలు!" అంది అమ్మణ్ణి.

"రెండు ప్లేట్లు తిన్నాను," అని ఒప్పేసుకున్నాడు, కళ్ళు తెరవకుండానే.

అమ్మణ్ణికి కోపం వచ్చింది. అబద్ధం చెప్పడం ఎందుకు, మా చెడ్డ కోపం వచ్చింది. ఆవిడ కళ్ళు కనపడకపోవడం ఇన్నేళ్ళూ ఈయనకి గొడుగైంది. ఆ గొడుగు కింద ఈయన హాయిగా కూర్చుని మంచి మొగుడనిపించుకున్నాడు. ఈయన భయానికి తోడుగా తను చాప మీద సంచులు కాసింది. ఇంకా ఏదో అనబోయి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే చక్రం ఆగింది, కింద జనాన్ని ఎక్కించుకోవడానికి. వాళ్ళ పెట్టె అన్నిటికన్నా పైన, గాల్లో, చిన్నగా ఊగుతూ నిలబడింది. గాలి చల్లగా మొహానికి కొట్టింది.

అంత ఎత్తులో కోపం నిలవదు. పక్కన గుండ్రాయి లాంటి మనిషి చంటిపిల్లాడిలా చంకలో దూరిపోయి ఉంటే అసలే నిలవదు. మిరపకాయ బజ్జీలు గుర్తొచ్చాయి, పైన అమ్ముతారనుకున్న తన తెలివి గుర్తొచ్చింది. అమ్మణ్ణి నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వుకి పెట్టె ఊగింది, పెట్టె ఊపుకి ఆయన కేక పెట్టాడు, ఆ కేకకి ఆవిడ ఇంకా నవ్వింది. కడుపు పట్టుకుందామంటే జబ్బ ఆయన చేతుల్లో ఉండిపోయింది.

కాసేపటికి చంకలోంచి సన్నని గొంతు వచ్చింది. "ఏం కనిపిస్తోందే?"

అమ్మణ్ణి నవ్వు ఆగిపోయింది. అది తన మాట. పెళ్ళయిన నాటి నుంచి, రైలు కిటికీ దగ్గరా, గుళ్ళో గర్భగుడి ముందూ, పెళ్ళిపందిట్లో వెనక వరసలోనూ తను ఆయన్ని అడిగిన మాట. అడిగిన ప్రతిసారీ ఆయన విసుక్కోకుండా చెప్పాడు. పెళ్ళికొడుకు మెడలో దండ రంగు దగ్గర నుంచి విస్తట్లో వంకాయ కూర ఏ మూల ఉందో దాకా చెప్పాడు. ఆ బ్రిడ్జీల మాట ఒక్కటి తప్ప మిగతావన్నీ నిజమే చెప్పాడు కదా అనుకుంది.

మెల్లిగా మెడ తిప్పుతూ, ఒక్కొక్క ముక్కే చూడటం మొదలెట్టింది.

"కొబ్బరి చెట్టు నెత్తి కనిపిస్తోందండీ. పుట్టాక ఎప్పుడూ చెట్టు కిందనుంచే చూశాం కదా. పైనుంచి అచ్చం ముగ్గేసినట్టుంది."

"ఊఁ."

"హైవే మీద లారీ పోతోంది. గడ్డిలారీ. దాని మీద ఒకడు కాలు మీద కాలేసుకుని పడుకున్నాడు. హాయిగా పాడుకుంటున్నట్టున్నాడు."

"పడతాడేమో వెధవ," అన్నాడాయన.

"ఒక చెరువు. చెరువులో గేదె. గేదె మీద కొంగ." ఇవన్నీ తను ఆయనకి చెప్తోంది. ఎవరూ ముందుగా చెప్పకుండా, ఎవరి మోచెయ్యీ పట్టుకోకుండా, తనంతట తాను చూసి చెప్తోంది.

"అమ్మణ్ణీ," అన్నాడు జోగేశ్వరరావు గారు ఇంకా చిన్న గొంతుతో. "బ్రిడ్జీలు కనిపిస్తున్నాయా?"

ఆవిడ పడమటి వైపు గొట్టం తిప్పింది. కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు, వాటి మీద మంచులాంటి ఎండపొడ. రాజమండ్రి అక్కడికెంత దూరమో ఆవిడకి తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు, నెలకోసారి సరుకు తెచ్చుకునే ఊరు. అయినా అడిగాడు.

"ఎందుకు కనిపించవండీ! రెండు కాదు, ఇప్పుడు మూడు. ఆ ఆర్చీల బ్రిడ్జీ కూడా కట్టారుగా."

"రైలుందా?"

"పాకుతోంది. చాలా పెట్టెలున్నాయి."

"గోదారి?"

"ఆరేసిన పంచెలా ఉందండీ," అంది అమ్మణ్ణి.

జబ్బ మీద పట్టు కొంచెం వదులైంది. ఆయన కళ్ళు మాత్రం తెరవలేదు, కానీ మూసిన రెప్పల కింద నుంచి తడి కారింది. అది భయమో ఇంకొకటో ఆవిడ అడగలేదు. చక్రం మళ్ళీ కదిలింది. అమ్మణ్ణి రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసి, సామర్లకోట బట్టల వర్తకులంతా తలలెత్తి చూసేలా ఒక్క కేక పెట్టింది.

దిగేసరికి అంతా చుట్టూ మూగారు. "ఏం కనిపించింది అన్నగారూ? బ్రిడ్జీలు కనిపించాయా?"

జోగేశ్వరరావు గారు అలవాటు చొప్పున గొంతు సవరించుకున్నాడు. "పైకి వెళ్ళేసరికి మూడు బ్రిడ్జీలూ..." అని మొదలెట్టి, ఆగిపోయాడు. ముడి విడిపోయిన జుట్టుతో, ఎర్రబడ్డ మొహంతో పక్కన నిలబడ్డ భార్యని చూశాడు.

"నాకు తెలీదండీ," అన్నాడు. "నేను భయపడి కళ్ళు మూసుకున్నాను. ఆవిణ్ణడగండి. చూసింది ఆవిడే."

మూగినవాళ్ళు ఇంకా ఆయన్నే చూస్తున్నారు. సామర్లకోట నుంచి పిఠాపురం దాకా పాకిన పేరు కదా, దిగడానికి కాస్త టైము పడుతుంది. ఆయన అదేమీ పట్టించుకోకుండా సరాసరి షెడ్డులోకి నడిచి, చాప మీద పసుపు సంచుల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, కూతుర్ని పక్కన పడుకోబెట్టుకుని, "చెప్పులన్నీ ఇటు జరపండి," అన్నాడు. కూర్చోవడానికి ఇంకొకరి సాకు లేకుండా కూర్చున్నది అదే మొదటిసారి. మొహం ఎంతో తేటగా ఉంది.

"ఇంకోసారి ఎక్కుతాను," అంది అమ్మణ్ణి.

"పక్కన ఇంకో మనిషి ఉండాలన్నాడు కదా," అంది సుబ్బాయమ్మ. కాసేపు ఆకాశం కేసి చూసింది, కాసేపు ఆవకాయ డబ్బా కేసి చూసింది. చివరికి డబ్బా తమ్ముడి ఒళ్ళో పెట్టి, కొంగు బొడ్లో దోపుకుంది. "పద. నేనూ వస్తాను. నేను కూడా ఏం చూసి చచ్చాను గనక?"

ఈసారి నీలం పెట్టె వచ్చింది. పైకి వెళ్ళేసరికి సుబ్బాయమ్మ నోట మాట లేదు. అలాంటిది ఆ వంశంలో ఎవరూ ఎరగరు. అమ్మణ్ణి కడ్డీ మీదికి వంగి, కింద పార్కంతా గొట్టంతో గాలించింది. ఐస్‌క్రీం బండి దొరికింది. టీ కప్పులు దొరికాయి. రేకుల షెడ్డు దొరికింది, దాని అంచున ఎండలోకి జరిగిన చాప, చాప మీద పసుపు సంచులు, ఎర్రక్షరాలతో సహా. సంచుల మధ్య ఆయన నిలబడి ఉన్నాడు. తలెత్తి, భయం భయంగానే తలెత్తి, పైకి చూస్తూ రెండు చేతులూ ఊపుతున్నాడు. కాకపోతే ఊపుతున్నది ఇటు కాదు. మూడు పెట్టెల అవతల, పచ్చ పెట్టెలో ఎవరో కాలేజీ ఆడపిల్లలుంటే, వాళ్ళకి.

"ఏవండోయ్! అటు కాదండీ! ఇక్కడ, ఇక్కడ!" అని అరిచింది అమ్మణ్ణి.

ఆయన ఇంకా ఉత్సాహంగా ఆ పచ్చ పెట్టెకే ఊపాడు. ఆ పిల్లలు కూడా తిరిగి ఊపారు.

అమ్మణ్ణి నవ్వుతూ వదినగారి వైపు తిరిగింది.

"పాపం," అంది, "ఆయనకి ఇంత దూరం చూపు ఆనదు కదండీ."